నివాసం అనే గడి

ఆ ఫారం నిండా గళ్ళే.
అరెకిపాలో, మూడో అంతస్తు వంటింట్లో,
మిస్తి కొండ కిటికీ నిండా కూర్చుని చూస్తుంటే
తొమ్మిదేళ్ళని చెంచాతో తోడి గళ్ళలో పోస్తున్నాను.

భర్త పేరు: విల్బర్.
ఇంటిపేర్లు రెండు. తండ్రిదొకటి, తల్లిదొకటి.
గడి మాత్రం ఒక్కదానికే సరిపోయింది.
వాళ్ళమ్మ పేరు గీత దాటి అంచు మీదకి పడింది.
"పడనీ" అన్నాడు, "ఆవిడ ఎక్కడ సర్దుకుంది గనక."

వృత్తి: కుట్టుమిషన్ల మెకానిక్.
పోలీసు కాగితం కోసం వేలిముద్రలు తీసే పిల్ల
మూడుసార్లు స్పిరిట్‌తో తుడిచి
నాలుగోసారికి విసుక్కుంది.
ఆ నూనె తన తాతల నాటిది, అంత తేలిగ్గా పోదు.

పెళ్ళి నిజమేనని రుజువు కావాలట.
పన్నెండు ఫోటోలు ఏరాం.
నవ్వుతున్నవన్నీ అబద్ధాల్లా కనిపించాయి.
ఫిబ్రవరి వానలో, గ్యాస్ అయిపోయిన రాత్రి,
సిలిండర్ నువ్వు తేవాలంటే నువ్వు తేవాలని
మెట్ల మీద రెండు భాషల్లో తిట్టుకుని
చివరికి ఇద్దరం చెరో చెయ్యీ వేసి మోసుకొచ్చాం కదా,
అది ఎవరూ ఫోటో తియ్యలేదు.
కరెంటు బిల్లు చూపిద్దామంటే
ఎప్పుడో పోయిన ఇంటాయన పేరు మీదే ఇంకా వస్తోంది.
పాపం, మా దీపం ఖర్చు ఆయన ఖాతాలోనే.

అన్నీ అయ్యాక నా వంతు.
స్పాన్సర్ నివాసం ఎక్కడ?
నిజం రాస్తే చిక్కు.
నేను డులూత్‌లో ఉంటున్నానని,
లేదంటే ఉండి తీరబోతున్నానని నమ్మించాలి.
వెతికాను.
బ్యాంకులో నలభై ఒక్క డాలర్లు.
గడువు తీరిన లైబ్రరీ కార్డు, అందులో జుట్టు పొట్టిగా ఉన్న ఎవరో అమ్మాయి.
అక్క మారిట్ ఉత్తరం: "కింది గది వాళ్ళదే,
కాకపోతే వాషింగ్ మిషన్ చప్పుడు చేస్తుంది."
అది కూడా రాయాలా అంటే, ప్రమాణం చేస్తున్నాను కదా అంది.
బావ కర్టిస్ విల్బర్ని ఒక్కసారీ చూడలేదు.
అతనికి కూటికి తక్కువైతే నేను పెడతానని
ఎంత గట్టిగా నొక్కి సంతకం చేశాడంటే
వెనక పేజీని తడిమినా తెలుస్తుంది.

మరి ఇక్కడివో?
నన్ను చూడగానే అడక్కుండా
మూడు మూలల రొట్టెలు ఆరు కట్టేస్తుంది ఫెలిసితాస్.
అర్ధరాత్రి నేల కదిలితే
నేను లేవకముందే నా కాళ్ళు లేచి గుమ్మం కిందకి వెళ్ళిపోతాయి.
కలలో చిల్లర లెక్కపెట్టినా సోల్‌లే.
ఇవేవీ జత చెయ్యకూడదు.
దొంగసొత్తులా దాచిపెట్టాలి.

విల్బర్ సోంపు టీ తెచ్చి పక్కన పెట్టాడు.
"నాకు నువ్వు స్పాన్సరు.
అక్కడ నీకెవరు?"
హాస్యానికే అన్నాడు. నేనూ నవ్వాను.
అతను నన్ను ఆ ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు.
అక్కడి నేను ఎలా ఉంటానో
చెప్పమంటే నాకూ చేతకాదు.

కప్పు పెడుతూ ఎప్పుడు తాకాడో గాని,
ఖాళీగా ఉన్న నివాసం గడిలో
నల్లటి బొటనవేలి మచ్చ.

కింద జిరాక్స్ కొట్టుకి వెళ్ళి
ఆ పేజీ ఒక్కటీ మళ్ళీ ప్రింటు తీయించాను.
ఇరవై సెంటిమోలు.
కౌంటర్ మీదే వంగి, పెద్దక్షరాలతో,
డులూత్, మిన్నెసోటా అని రాశాను.
చేతిరాత కొంచెం వంకర పోయింది, పోతే పోయింది.

మచ్చ పడ్డ కాగితాన్ని పారెయ్యబోతుంటే
కొట్టువాడు అడిగాడు, వెనకవైపు ఖాళీయే కదా, ఇస్తారా అని.
లేదు, అన్నాను.
పనుంది.