ఆరూ ఇరవై, తూర్పు సజ్జ

ఎనిమిదేండ్లు ఓడలో పనిచేసి వచ్చినోడు
గుంతకల్లులో మా అద్దె మిద్దె మీద నిలబడి
చూపుడువేలు తడిపి గాలికి పెట్టి చూస్తాండాడు.
"బుధవారం వద్దు లాలెమ్మా,
ఇది ఆషాఢం గాలి. తట్టలో రొట్టె నిలవదు."

కుర్చీలు రెండు. ఒకటి మాది,
ఇంకోటి కింద ఓబుళమ్మక్కను అడిగి తెచ్చింది.
మధ్యలో స్టూలు, దాని మీద నా పాత చీర మడత.
సజ్జ వెడల్పు నాలుగడుగులు.
"ఓడలోనూ ఇంతే," అంటాడు,
"దీనికే వాళ్ళు మన ఏడాది బాడుగంత కట్టేది."

బయట కూచుని బువ్వ తినడానికి
ఏ పూట మంచిది, ఏ రేవు మంచిది అని
అందరూ దస్తగిరినే అడిగేవాళ్ళంట.
చెప్పేవాడంట:
ఓడ బయల్దేరే సాయంత్రం పెట్టుకోవద్దు,
మీ గ్లాసులోది మీకంటే ముందు గాలి తాగేస్తుంది.
సరుకు రేవులో అసలే వద్దు,
ఎదురుగా ఇనుప పెట్టెలు తప్ప ఏమీ కనపడవు.
రాత్రంతా ఓడ ఆగే చిన్న రేవు చూసుకోండి.
పొద్దు గుంకే అరగంట ముందు మొదలుపెట్టండి.
మీ గది ఏ పక్కనో కనుక్కోండి,
ఎండ కంట్లో పడితే చేపముల్లు కానరాదు.

"మరి నువ్వు యాడ తింటాంటివి?" అని అడిగితి.
"నీళ్ళకి కింద," అనె.
కిటికీ ఉండదంట ఆడ.
గోడకవతల సముద్రం గుడగుడమంటాంటే
నిలబడే తినేవాళ్ళంట.
పన్నెండు నిమిషాలు.

ఇప్పుడు మా ఇంటికి లెక్క కడతాండాడు.
సోమవారం కుళాయి వచ్చే దినం.
మంగళవారం కిందోళ్ళు దోమలకి వేపాకు పొగ పెడతారు.
గురువారం ఏడింటికి కరెంటు పోతుంది.
పోతే మంచిదే, చుక్కలు కనపడతాయంటాడు.
ఫ్యాను లేకపోతే పిండి పిసికే నాకు కదా తెలిసేది.
కడాకు శుక్రవారం అనుకుంటిమి.
ఆరూ ఇరవైకి, తూర్పు సజ్జ.
ఎదురుగా యార్డు, పట్టాలు పద్దెనిమిదో ఇరవయ్యో,
వెనక నుంచి పొద్దు వాలితే
నీళ్ళ మాదిరే మెరుస్తాయి.
ఈ ఊర్లో అంత నీళ్ళు ఇంకెక్కడా లేవు.

జొన్నరొట్టె, వంకాయ కూర, శెనిక్కాయల ఊరిబిండి.
ఆరూ పదికి ఒక గూడ్సు వచ్చి
సరిగ్గా మా ముందర ఆగె.
సిమెంటు పెట్టెలు. యాభై ఎనిమిది.
వేరే పని లేక ఇద్దరం లెక్కబెట్టినాం.
పొద్దూ లేదు, పట్టాలూ లేవు.
"సరుకు రేవు," అన్నాడు మెల్లిగా,
తప్పంతా తనదైనట్టు.

కూచో అంటే కూచోడు.
ముంజేతి మీద తువ్వాలు మడిచి
నా కుర్చీ వెనక నిలబడె.
ఎప్పుడు వేసుకున్నాడో, వానికే తెలీదు.
వెనక ఒక మనిషి నిలబడి ఊపిరి బిగపట్టుకుంటే
గొంతులో ముద్ద ఎట్ల దిగుతాదప్పా?
సగం రొట్టె తిని మూత పెడితి.

తొమ్మిదింటికి, ఎవరి పుణ్యమో, కుళాయి వచ్చె.
వాడు కింద బిందెలు పట్టె, నేను పైన డ్రమ్ముల్లో పోస్తి.
మెట్లు ఇరవై రెండు.
పదకొండున్నరకి ఇద్దరం తడిసి ముద్దయి
సజ్జలో కూలబడితిమి.
ఏ కుర్చీ ఎవరిదో చూసుకోలేదు.
రొట్టె అప్పడం మాదిరి ఎండిపోయింది. ఆకలికి ఏమి తెలుసు?

అప్పుడు కదిలె గూడ్సు.
కూత లేదు.
కొక్కేలు ఒకదాన్నొకటి లాక్కునే చప్పుడు
ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చె.
కదిలింది బండి కాదు, మేమే.
నీళ్ళ డ్రమ్ములు, దండెం మీది లంగా,
కింద నిద్రపోతాన్న ఓబుళమ్మక్క, ఆమె మేకపిల్ల,
అంతా నున్నగా దక్షిణానికి జారిపోతిమి.
దస్తగిరి చెయ్యి అడక్కుండానే పోయి
నా గ్లాసు పడకుండా పట్టుకునె.

ఆఖరి పెట్టె ఎర్రదీపం దాటినాక
ఇల్లు మళ్ళీ నిలబడె.
ఇది ఏ ఊరని అడగబోయి ఊరుకుంటి.

"ఊరిబిండి ఇంకొంచెం వెయ్యి," అన్నాడు,
కుర్చీలోంచి లేవకుండా.