రెండు కిలోల రొట్టె

పలక మీద సుద్దతో అంకె.
ప్రతి సోమవారం పొద్దున్నే
ఎర్సిలియా దాన్ని చొక్కా చేత్తోనే తుడిచేది.
పూర్తిగా పోయేది కాదు.
పన్నెండు వందల కింద తొమ్మిది వందలు,
దాని కింద ఆరు వందల యాభై.
పాత పెసోలన్నీ
మంచులో తప్పిపోయిన గొర్రెల్లా కనపడుతుండేవి.

"పరిగెత్తు, రొట్టె కిలో ఎంతో కనుక్కుని రా."

నాకప్పుడు పద్నాలుగేళ్లు.
పటగోనియాలో గాలికి ఎదురెళితే వంగి నడవాలి,
గాలితో వస్తే ఆగడం కష్టం.
మర్చిపోతానేమోనని
ధర అరుచుకుంటూ వచ్చేవాణ్ణి బేకరీ నించి దారంతా.
ఊరందరికీ తెలిసిపోయేది
ఈ వారం పంక్చర్ ఎంతో.

కారు టైరుకి రెండు కిలోల రొట్టె.
లారీదైతే ఐదు.
నోట్ల మీద మనుషులు పోయి జంతువులొచ్చాయి,
జంతువులు పోయి మళ్లీ మనుషులొచ్చారు,
సున్నాలు పిల్లల్ని పెట్టాయి,
మా రేటు మాత్రం కదల్లేదు.

ఒట్టి గాలి కోసం వస్తే డబ్బు తీసుకునేది కాదు.
"బయట ఊరికే కొడుతోందిగా, దానికి లెక్కేంటి" అనేది.

దక్షిణానికి నూట తొంభై కిలోమీటర్ల దాకా
ఇంకో టైరు షాపు లేదు.
ఉత్తరానికి ఇంకా దూరం.
అంతా కంకర.
"నువ్వు నోరు తెరిస్తే బంగారమే, తెరవవేం?"
అడిగేవాడు పెట్రోలు బంకు ఒస్వాల్దో.
ఆమె ట్యూబుని తొట్టిలో ముంచి
బుడగ ఎక్కణ్ణించి లేస్తోందో చూస్తూ
"తెరిస్తే దుమ్ము పోతుంది" అంది.

ఓసారి బెల్జియం నించి సైకిలు మీద ఒకడొచ్చాడు.
సూదిమొనంత చిల్లుకి ఇంత డబ్బా, అన్నాడు.
అతుకూ జిగురూ చేతిలో పెట్టింది,
"అయితే నువ్వే వేసుకో."
మూడుసార్లు వేశాడు, మూడుసార్లూ ఊడింది.
నాలుగోసారి ఆకురాయి అందించింది:
"ముందు గరుకు చెయ్యి.
నున్నటిదానికి ఏదీ అంటుకోదు."
ఆ మాటకి ఏమీ తీసుకోలేదు.
రొట్టె డబ్బు మాత్రం తీసుకుంది.

ఎస్టేటు మేనేజరు ఫాబ్రిసియోకి
నెలకి రెండుసార్లైనా మా గుమ్మం తప్పేది కాదు.
"మేకులు చల్లేది మీరే కదూ" అనేవాడు నవ్వుతూ,
కాళ్లు చాపుకుని, మా మాతే మా కప్పులోనే తాగుతూ.
నాకు చెవులు కాలేవి.
ఇవాళైనా పది కిలోలు అడుగుతుందనుకునేవాణ్ణి.
ఆమె మేకు పీకి
ఖాళీ పాలకోవా డబ్బాలో పడేసేది, టంగుమని.
"రెండు కిలోలు."

ఆదివారం కొట్టు మూసి
పాత లౌడ్‌స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి
తాడు కట్టి, రోడ్డు వెంబడి ఈడ్చుకుంటూ నడిచేది.
కుక్కని తిప్పుతున్నట్టు.
నేను వెనకాలే డబ్బా పట్టుకుని.
నాలుగు కిలోమీటర్లు వెళ్లేవాళ్లం, వంతెన దాకా.
గుర్రపు నాడా మేకులు, కంచె తీగ ముక్కలు,
ఒకసారి తల లేని చెంచా.

"ఇవన్నీ ఏరేస్తే మనం తినేదేంటి?" అడిగాను.
ఆమె అయస్కాంతం తిరగేసి
అంటుకున్నవి ఒక్కోటీ గోటితో లాగుతూ చాలాసేపు మాట్లాడలేదు.
"తినేది రొట్టె" అంది చివరికి.
"మేకులు కాదు."

ఇప్పుడు నేను ఆయిల్ లారీ నడుపుతాను.
మొన్న ఓడరేవు ఊళ్లో వెనక చక్రం కూర్చుంది.
గాజు తలుపుల షాపు,
ప్లాస్టిక్ తొడిగిన ధరల పట్టిక,
ఇరవై నిమిషాల్లో యంత్రమే అన్నీ చేసేసింది.
కార్డు గీకాను.
అది ఎక్కువో తక్కువో అర్థం కాలేదు.
"రొట్టె కిలో ఎంత ఇక్కడ?"
కుర్రాడు ఎదురుగా ఉన్న సూపర్ మార్కెట్ చూపించాడు.
రోడ్డు దాటి చూసొచ్చాను.
పదకొండున్నర కిలోలు.

సరేలే, ఊరు పెద్దది, అద్దెలుంటాయి.
మేకు ఇచ్చెయ్, అన్నాను.
పారేశామన్నాడు.
"ఎక్కడ?"

కుర్రాడు రోడ్డు వైపు చూశాడు.