అనుమతి లేని కార్డు

అరండల్‌పేట ఎనిమిదో లైను, మేడమెట్ల కింద
నిలబడితే తల తగిలే కొట్టు కరీముల్లాది.
లాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టి
పదకొండు స్క్రూలు విప్పి మూత ఎత్తాడో లేదో
తుమ్మాడు.
ఆగి, నా వంక చూసి, మళ్లీ తుమ్మాడు.
"మిర్చి యార్డులోనా మేడం?"
అడగాలా?
ఫ్యాను రెక్కల మీద తొమ్మిది సీజన్ల తేజ,
కీబోర్డు కింద నంబర్ ఫైవు,
మూలల్లో ఎక్కడో కాస్త బాడిగ.
ఉప్పొకటి వేస్తే పచ్చడైపోను.

నేనొచ్చిన పని వేరే.
పొద్దున లాట్ల మీద ధర పడే వేళకే
దీనికి వైఫై చెవి మూసుకుపోతుంది.
పక్క కొట్టు అప్పలస్వామి తన ఫోను చూసి
రేటు అరుస్తాడు. నేను తక్‌పట్టీ రాస్తాను.
మొన్న పదిహేడు వేలని అరిస్తే
పదమూడు వేలని రాశాను.
నకరికల్లు ఏడుకొండలు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.
ఏమీ అనలేదు.
తువ్వాలు దులిపి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.
కొట్టేసి, దిద్ది, పక్కన సంతకం పెట్టిచ్చాను గానీ
ఆ కొట్టివేత నా చేతికింకా అంటుకునే ఉంది.

"ఇదే మీ వైఫై" అని చూపించాడు.
ఇంతేనా!
రెవెన్యూ స్టాంపుకు కాస్త పెద్ద.
దాని నెత్తిన రెండు తీగలు, నల్లదొకటి తెల్లదొకటి,
ఆవగింజంత బొత్తాలతో అతుక్కుని
కీలు సందులోంచి దూరి తెర చుట్టూ పాకి పైదాకా పోయాయి.
రోజూ మూత తెరిచి నేను పైకెత్తుతున్నది
దీని చేతులనని తొమ్మిదేళ్లకు తెలిసింది.

కొత్త కార్డు పెట్టాడు. గోటితో నొక్కితే టిక్కు.
ఇంకో టిక్కు.
పవర్ వేశాం.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు:
ఈ కార్డుకు అనుమతి లేదు. తీసేయండి.

"కార్డు చెడిపోయిందా?"
"లేదు మేడం. కార్డూ బాగుంది, మిషనూ బాగుంది.
కంపెనీవాడు లోపలొక లిస్టు రాసిపెట్టాడు.
పేరుంటేనే రానిస్తుంది."

లిస్టంటే నాకు తెలియందా!
బ్యాడ్జీ మర్చిపోయిన హమాలీని ఆపడం,
టోకెన్ లేని లారీ రోడ్డు మీదే తెల్లార్చడం
మా గేటు దగ్గర రోజూ చూసేదే.
అయినా నా జీతంతో కొన్నది
నన్నే గేటు బయట నిలబెట్టేసరికి
నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమూ వచ్చింది.

కరీముల్లా అటక మీంచి బియ్యం గోతం దించాడు.
నిండా చచ్చిపోయిన లాప్‌టాప్‌లు.
ఒకదానికి తెర లేదు, ఒకటి టీ తాగింది,
ఒకదాని మూత మీద ఇంకా
"బి.ఫార్మసీ ఫైనలియర్" అని మెరుపుల స్టిక్కరు.
దాని కడుపులోనే దొరికింది:
నా దానికంటే రెండేళ్లు చిన్నది, అదే కంపెనీది,
లిస్టులో పేరున్నది.
"మూడొందలివ్వండి. కొత్తది నేను వాపసు పంపుకుంటా."

టిక్కు. టిక్కు.
ఈసారి గేటువాడు లేచి దారిచ్చాడు.
ఇన్నాళ్లూ మూడు పేర్లే కనపడే చోట
పంతొమ్మిది.
పళ్ల డాక్టరు, లేడీస్ హాస్టల్ సెకండ్ ఫ్లోర్,
'పాస్‌వర్డ్ అడగొద్దు',
'సుధాకర్ అద్దె కట్టు'.
ఈ లైనంతా ఎప్పట్నుంచో ఇలా
నా నెత్తి మీంచి మాట్లాడుకుంటూనే ఉందన్నమాట.
పాపం సుధాకర్ కట్టాడో లేదో.
స్క్రూలు బిగించి లెక్క చూస్తే పది.
పదకొండోది గోతంలోకి పోయినట్టుంది.
"పర్లేదు, పదితో ఆగుతుంది" అని
ముక్కు తుడుచుకున్నాడు.

పొద్దున్నే యార్డు.
లాట్ నూట అరవై రెండు, పదిహేడు వేల నూట యాభై.
తెర మీద చూశాను, రాశాను, మళ్లీ చూశాను.
అప్పుడే అప్పలస్వామి, అలవాటు కొద్దీ,
గోనెల మీంచి తల బయటపెట్టి
గొంతు చించుకుని అదే రేటు అరిచాడు.

వినపడిందని చెయ్యెత్తాను.