లెక్క

మా దామలచెరువు పక్క
లెక్క అంటే డబ్బే.
"లెక్కుందా?" అంటే జేబు తడుముకుంటారు,
పలక తడుముకోరు.
అందుకే, లెక్కల్లో పరిశోధన చేస్తా ఉండానని చెప్తే
మామిడి మండీలో మా చిన్నాయన నాగరాజులు
తువ్వాల దులిపి భుజానేసుకుని అడిగినాడు:
"ఎవురి లెక్కమ్మా? ఎంత?"

ఆరేళ్ళు చెప్పలేకపోయినాను.

తిరుపతిలో, యూనివర్సిటీ రెండో అంతస్తులో,
కిటికీ తీస్తే కొండ, మూస్తే ఉక్క.
తాగినోడి నడక మీద నా పని.
అడుగు కుడికో ఎడమకో, నాణెం చెప్పినట్టు.
సందులో నడిస్తే ఎన్నటికైనా ఇల్లు చేరతాడు.
మైదానంలో తూలినా చేరతాడు.
ఆకాశంలో తూలితే మాత్రం
చేరకనే పోవచ్చు.
ఆ చేరని నడకల్లో ఒక మూల నాది.
లోకంలో పదకొండు మందికి అర్థమవుతుంది,
వాళ్ళలో ఇద్దరికి నా మీద కోపం.

మొగిలప్ప సార్ చొక్కా జేబు నిండా సుద్దముక్కల పొడి,
విబూది సంచీ మోసే పూజారి మాదిరి.
ఆయన సున్నా అనడు, పూజ్యం అంటాడు.
నెలంతా కుస్తీ పట్టి తెచ్చిన సమీకరణం
అటూ ఇటూ కొట్టేసుకుని ఏమీ మిగలకపోతే
"పూజ్యం" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.
తిట్టినాడో దండం పెట్టినాడో
నాకిప్పటికీ తెలీదు.

ఫెలోషిప్ ఐదో ఏడు ఆగిపోయింది.
కొర్లగుంట కోచింగ్ సెంటర్లో పొద్దున ఐదున్నరకి
ఆవలించే పిల్లకాయలకి సంభావ్యత చెప్పినాను,
గంటకి రెండొందలు.
మెస్సు బాకీ మాత్రం
ఏ సందేహమూ లేకుండా పెరిగింది.

హాస్టల్లో సిగ్నలు దొరికేది నీళ్ళ ఫిల్టరు కాడ ఒక్కచోటే.
ముంబై గొంతు అడిగింది:
"పాచిక వేస్తే ఎంత పడితే అన్ని రూపాయలు.
నచ్చకపోతే ఇంకొక్కసారి వేసుకోవచ్చు.
ఈ ఆటకి ఎంతిస్తావు?"
నాలుగుంబావు.
"నువ్వే అమ్మేదానివైతే?"
అప్పుడు చున్నీ కింద
నా వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి.
నేను చెప్పిన ధర ఏ సిద్ధాంతంలోనూ లేదు.
సేలం వ్యాపారి ముఖం చూస్తా
తువ్వాల కింద చిన్నాయన
ఒక వేలు పట్టి, ఒక వేలు వదిలేది చూసి
పదేళ్ళప్పుడు నేర్చుకున్నది.

ఉద్యోగం వచ్చిందని సార్‌కి చెప్పడానికి
మూడు రోజులు పట్టింది.
ఆయన కొండ వైపు చూసినాడు.
"అరవై ఒకటో పేజీలో గుర్తు తప్పింది, చూసుకున్నావా?"
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
"సరిచేసి పో."

బెంగుళూరు బస్సుకి ముందు మండీకి పోయినాను.
బేనీషా కాయలు గడ్డి మీద కుప్పలు, లారీల కింద కుక్కలు.
చిన్నాయన మళ్ళీ అదే అడిగినాడు, నవ్వకుండా:
"లెక్కెంతమ్మా?"
మండీలో ఆడోళ్ళ చెయ్యి తువ్వాల కిందికి పోదు.
పోనిచ్చినాను.
మూడు వేళ్ళు పట్టుకున్నాను.
"మూడు వేలా?"
తల అడ్డంగా ఊపినాను.
"లక్షలా. ఏడాదికి."
మళ్ళీ ఊపినాను.
ఆయన చెయ్యి కదల్లేదు, వదల్లేదు.
గుమాస్తా అరుస్తానే ఉండాడు.

"సరుకేంది?"

ఆకాశంలో తాగినోడు, పదకొండు మంది, పూజ్యం,
ఏదీ నోటికి రాలేదు.
"రేపు ధర ఎట్లుంటుందో అన్న భయం, చిన్నాయనా.
దాన్ని కొంటారు, అమ్ముతారు."
"ఓస్, మాదీ అదే కదా" అన్నాడు.
"కాయలు ఊరికే పైన పరుస్తాం."

చంద్రగిరి దాటినాక బస్సులో లైటు వేసినారు.
చేతికి సొన జిగట ఇంకా పోలేదు.
అరవై ఒకటో పేజీ తీసి
ప్లస్సుని మైనస్ చేసినాను.
కింద నాలుగు లైన్లు మళ్ళీ రాసుకున్నాను, కుదుపుల్లో.
సిద్ధాంతం కూలలేదు.
కొంచెం చిన్నదైంది.