సమస్య కనిపించలేదు

వెరోనికా జిలిన్‌స్కి తెచ్చింది
ఒక బిస్కట్ల రేకు డబ్బా.
మూత తీస్తే ఇంకా వెన్న వాసన,
వాసన కింద పదకొండు నెలల రశీదులు.

టొలీడోలో ఓ వకీలు దగ్గర గుమాస్తాని నేను.
కాగితాలకు కన్నాలు పొడిచి, తేదీల వరస పెట్టి, తాడు కట్టడం నా పని.
ఏడ్చేవాళ్ళకి మంచినీళ్ళిస్తాను,
అది జీతంలో లేదు.

ప్రతి రశీదూ ఒకే మాటతో మొదలు:
"కస్టమర్ చెబుతున్నదేమనగా".
అంటే మేం చూడలేదు, మేం వినలేదు,
ఈవిడ అంటోంది, అంతే.
ప్రతి రశీదుకీ ఒకటే ముక్తాయింపు:
"సమస్య కనిపించలేదు."

మధ్యలోది ఆమె నోటితో చెప్పింది.
జనవరి, చీకటితో, మామీ నది వంతెన నడిమధ్య
ఇంజను చెప్పాపెట్టకుండా ఆగిపోయింది.
స్టీరింగు రాయిలా బిగుసుకుంది.
అద్దంలో ఉక్కు చుట్టల లారీ పెద్దదవుతోంది.
డయాలసిస్‌కి తీసుకెళ్తున్న హార్ట్‌విగ్ గారు
వెనక సీట్లోంచి అన్నారట:
"తొందరేం లేదమ్మా."
ఆయన దగ్గర మిగిలిందల్లా తొందరే.

షోరూముకి లాక్కెళ్తే మాత్రం
ఒక్క తాళం తిప్పుకే బుద్ధిగా పలికింది,
డాక్టరు మొహం చూడగానే
మాయమయ్యే పంటినొప్పిలా.

ఈ దేశంలో ఇలాంటి బండిని నిమ్మకాయ అంటారు.
చట్టాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు.
ఎందుకని అడిగితే మా వకీలు భుజాలెగరేశాడు.
నాకు తెలిసిన నిమ్మకాయ
కొత్త బండి చక్రం కింద పెట్టేది,
టప్పుమని చితికి, దిష్టంతా తను తీసుకుని
రోడ్డు మీదే ఉండిపోయేది.
ఇక్కడ నిమ్మకాయే చక్రాలు తొడుక్కుని
మనిషి మీదికొస్తుంది.

ఒహాయో లెక్క నాకు కంఠతా వచ్చు:
కొన్న ఏడాదిలోపు, పద్దెనిమిది వేల మైళ్ళలోపు,
ఒకే జబ్బుకి మూడుసార్లు చూసినా కుదరకపోతే,
లేదా అన్నీ కలిపి ముప్ఫై రోజులు షెడ్డులో పడుంటే,
డబ్బన్నా తిరిగివ్వాలి, బండన్నా మార్చివ్వాలి.
ప్రాణం తీసే జబ్బైతే
ఒక్కసారికే.
కానీ ఆ ఒక్కసారి
కాగితం మీద జరగాలి.
వంతెన మీద జరిగితే చాలదు.

డబ్బా అడుగున, కాఫీ మరకతో,
నాలుగో రశీదు.
సర్వీసు కౌంటర్లో కర్టిస్ బెల్‌ఫోర్డ్ అని ఓ కుర్రాడు
ఫిబ్రవరిలో ఒకరోజు, డ్యూటీ ఎక్కకముందే,
చేతులు చంకల్లో దాచుకుని
ఆమె పక్క సీట్లో కూర్చుని వంతెన దాకా వెళ్ళాడట.
తిరిగొచ్చి
అచ్చేసి ఉన్న "కస్టమర్ చెబుతున్నదేమనగా" మీద
అడ్డంగా ఒక గీత కొట్టి
బాల్‌పెన్నుతో రాశాడు:
"బండి ఆగింది. నేను బండిలో ఉన్నాను."
కింద సంతకం. ఆరూ పన్నెండు. ఓడోమీటరు అంకె.

ఇరవై ఏళ్ళుగా కాగితాలు మోస్తున్నాను,
ఇంత చిన్న వాక్యం ఇంత బండిని లాగడం చూళ్ళేదు.
కంపెనీ లాయరు రెండుసార్లు చదివాడు.
కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని,
ఎంతకి తెగుతుందో కనుక్కోమన్నాడు.

చెక్కు తీసుకోడానికొచ్చి ఆమె కూర్చోలేదు.
బయట అద్దెకారు ఇంజను ఆపకుండా వదిలొచ్చింది.
కర్టిస్‌కి థాంక్స్ చెబుదామని ఫోన్ చేసిందట,
ఆ కౌంటర్లో ఆ పేరుగలవాళ్ళెవరూ లేరన్నారట.
ఫైల్లో వెతికాను.
సంతకం తప్ప ఇంకేం లేదు.

"మరి ఆ బండి?" అంది.
బాగుచేసి మళ్ళీ అమ్ముతారని చెప్పాను,
హక్కుపత్రం మీద ముద్ర వేస్తారు, వెనక్కి తీసుకున్నదని,
కొనేవాళ్ళకి ముందే రాసివ్వాలి, అది కూడా చట్టమేనని.

"ఎవరైనా చదువుతారా?"

డబ్బా ఆమె చేతికిచ్చి
కన్నాలు పొడిచే మిషను కోసం వెతుక్కున్నాను.
అది నా చేతిలోనే ఉంది.