ముప్పై ఏడు మోపులు

రొయ్యల గుంట ఎండి ఏడేళ్లు.
ఏరేటర్ రెక్కలు గట్టు మీద తుప్పుపట్టి
చేప ముల్లులా పడున్నాయి.

చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని
"ఇంకా ఉందబ్బయా" అంది మానికల పోలమ్మ.
పరీక్ష కాయితం కూడా అదే చెప్పింది,
పద్దెనిమిది రోజుల తర్వాత.

మా నాయన ఇక్కడ మొలగొలుకులు పండించాడు.
నేను లీజుకిచ్చాను.
తెల్లమచ్చ తెగులొచ్చిన రాత్రి
మందులు కలిసిన నీళ్లన్నీ పైడేట్లోకి వదిలారు.
తూము ఎత్తింది నేనే.

ఇప్పుడు ఎవరూ నాటకుండానే ఇలకూర.
ముందు వేలెడు, తర్వాత మోకాలెత్తు,
ఎండ ముదిరేకొద్దీ ఎరుపెక్కి
రాత్రంతా తాగినోడి కళ్లలా.

"చూస్తా నిలబడితే ఉప్పు పోద్దా?
కొయ్యి. కోసి బయటికి మొయ్యి.
ఆడే ఎండి రాలిందంటే
తాగిందంతా మళ్లీ నేలకే కక్కుద్ది."

కోశాం. మూడు కార్తెలు, ముప్పై ఏడు మోపులు.
కరువులో ఈ ఆకే ఉడకేసి, పిండి,
వాళ్లమ్మ తనని సాకిందట.
"పట్టుకుపో" అన్నాను.

"ఈ గుంటది తినం" అంది కొడవలి తుడుస్తా.
"పైడేట్లో మాత్రం వెయ్యమాక.
దిగువన మేం చేపలు పట్టుకుంటాం."

ఆ తర్వాత చాలాసేపు గాలి ఒక్కటే.

మోపులు మా పెరట్లో పట్టా కింద ఉన్నాయి.
ఎక్కడ దించాలో
ఆఫీసు ఆఫీసుకీ అడుగుతున్నాను.

మొన్న గట్టు మూలన
గుప్పెడు మొలగొలుకులు చల్లాను.
పదకొండు మొలిచాయి.
లెక్క తప్పానేమోనని
రోజూ వంగి చూస్తాను.