ఏరియేటర్ల రాత్రి

కొత్తపట్నం కాడ మూతబడిన రొయ్యల హేచరీలో
మొదటిసారి ఎగిరినప్పుడు ముప్పైమందిమి.
దాన్ని రేవ్ అంటారని తర్వాత తెలిసింది.
మాల్యాద్రి
చెరువుల్లోంచి ఏరియేటర్ చప్పుడు పట్టుకొచ్చి
దాని మీద దరువు కట్టాడు.
నీళ్లను చరిచే ఆ టపటప
చెవిని దాటి నేరుగా మోకాళ్లలోకి దిగింది.

ఇప్పుడు బీచి రిసార్టులో చేతికి పట్టీ కడతారు.
టికెట్టు రెండువేలు, మంచినీళ్లు వంద.
అదే దరువు, ఉప్పు కడిగేసి వాయిస్తారు.
నేనూ పోయాను. అబద్ధమెందుకు, బాగానే ఉంది.

మాల్యాద్రి మాత్రం ఒంగోలులో, రీఛార్జి కొట్టు వెనక,
'ఉప్పుగాలి' లేబుల్ మీద ఇంకా క్యాసెట్లు వేస్తున్నాడు.
యాభై కాపీలు. అట్టల మీద నంబర్లు చేత్తో రాస్తాడు.
"పోయినదాంట్లో ముప్పైరెండు మిగిలినయ్ అబ్బయా,
అయినా కొత్తది వేశా. నువ్వు ఊరకే తీసుకో."
రెండొందలు గల్లాపెట్టెలో పడేసి వచ్చాను.

ఇంట్లో వినే పెట్టె లేదు.
క్యాసెట్ బండి డిక్కీలో పెట్టుకుని
చెరువుగట్ల మీద తిరుగుతున్నాను.
నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆగాయి.
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి
లుంగీలు ఎగ్గట్టి జనరేటర్ల వైపు పరుగెత్తారు రైతులు.
చప్పుడు ఆగితే
ఏం చచ్చిపోతుందో వాళ్లకు తెలుసు.